కోటలు కాలేజీలయ్యాయి, మరి కొలువు ఎవరి పాలైంది?

గద్వాల కోటలో ఇవాళ డిగ్రీ కాలేజీ నడుస్తోంది, ఆ సంస్థానాన్ని చివరిగా ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతోనే. వనపర్తి రాజమహల్‌లో దశాబ్దాలుగా పాలిటెక్నిక్ పిల్లలు చదువుకుంటున్నారు. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల కథ ముగిసినప్పుడు భూములకు లెక్కలు తేలాయి, భవనాలకు వారసులు దొరికారు. అదే గోడల మధ్య ఏటా జరుగుతూ వచ్చిన ఇంకో పని మాత్రం ఏ కాగితంలోనూ ఎక్కలేదు. కార్తీక, మాఘ మాసాల్లో గద్వాలలో పండిత సభలు జరిగేవి. నలుమూలల నుంచి కవులు వచ్చేవారు, పరీక్షకు నిలబడేవారు, సంభావన అందుకుని వెళ్లేవారు. ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా ‘చంద్రికా పరిణయం’ రాసిన కవి. ఎలకూచి బాలసరస్వతి లాంటి ఉద్దండుడు ఆయన కొలువులో ఉన్నాడు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు తిరిగి చేసిన సందర్శనాలు వాళ్ల పుస్తకాల్లోకే ఎక్కాయి. మరి సంస్థానం పోయాక ఆ సభ ఎవరి పాలైంది? నాకు తోచిన జవాబు ఒకటే: బడిలో తెలుగు చెప్పే పంతుళ్ల పాలైంది. రాజుగారి ఖజానా మోసిన ఖర్చు నెల జీతం మీద పడింది. డెబ్బై ఏళ్లకు పైగా గడిచినా మనం ఆ ఏర్పాటును మార్చలేదు. శాలువా కప్పి సరిపెట్టుకుంటున్నాం.

ఇది ఎంత దూరం నడిచిందో చూడాలంటే నాగర్‌కర్నూల్‌లో కపిలవాయి లింగమూర్తి జీవితం చూడాలి. 1928 మార్చి 31న బల్మూరు మండలం జినుకుంటలో పుట్టి, తండ్రి చిన్నతనంలోనే పోతే నల్లమల అంచున అమ్రాబాద్‌లో మేనమామ దగ్గర పెరిగారు. బడి భాష ఉర్దూగా ఉన్న నిజాం రాజ్యంలో పద్యం పట్టుబడాలంటే బడి బయటే నేర్చుకోవాలి. ఆయన అలాగే నేర్చుకున్నారు. నాగర్‌కర్నూల్‌లో తెలుగు పండితుడిగా, తర్వాత పాలెం ప్రాచ్య కళాశాలలో ఉపన్యాసకుడిగా పనిచేశారు. 2018 నవంబరు 6న కన్నుమూసే నాటికి డెబ్బైకి పైగా పుస్తకాలు రాశారు. శతకాలున్నాయి, క్షేత్ర మాహాత్మ్యాలున్నాయి, వచనాలున్నాయి. ‘తిరుమలేశ శతకం’, ‘గద్వాల హనుమద్వచనములు’, ‘చక్రతీర్థ మాహాత్మ్యం’ ఒక వరుస. ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’, ‘ఉప్పునుంతల కథ’ ఇంకో వరుస. ‘మాంగళ్య శాస్త్రం’, ‘సాలగ్రామ శాస్త్రం’, ‘పామర సంస్కృతం’ ఏ వరుసలోనూ ఇమడవు. తాళిబొట్టు మీద ఒక శాస్త్రం రాయవచ్చునన్న ఊహ విశ్వవిద్యాలయ శాఖల్లో పుట్టేది కాదు. పల్లెజనం నోట్లో నలిగిన సంస్కృతం మీద ఒక పుస్తకం రావాలంటే, ముందు ఆ జనం మాట్లాడుతుంటే ఎవరో ఒకరు ఓపిగ్గా చెవి పెట్టి ఉండాలి. తెలుగు విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, సత్కారాలు జరిగాయి. ఆ విషయంలో ఫిర్యాదేమీ లేదు.

నా ఫిర్యాదు మనం ఆయన్ని లెక్కగట్టే తీరు మీద. పుస్తకాల సంఖ్య చెబుతాం, బిరుదులు చెబుతాం. ఇలాంటి మనిషి ఒక ఊళ్లో చేసేవి రెండు పనులు. రాయడం ఒకటి. ఊరి సాహిత్యానికి ఆనికగా నిలబడడం రెండోది. ఈ రెండో పనికి పేరు కూడా లేదు. పాలమూరు మీద పరిశోధన మొదలుపెట్టినవాళ్లకు నాగర్‌కర్నూల్‌లో ఆయన ఇల్లు ఒక మజిలీ అయింది. జిల్లా పట్టణాల్లో ఏ తెలుగు పండితుణ్ని తీసుకున్నా ఈ పని ఇంచుమించు ఇలాగే ఉంటుంది. తాళపత్రాల కట్ట ఎవరింట్లో అటక మీద ఉందో ఆయనకే తెలుసు. ఏ గుడి ముందు శాసనం బోర్లా పడి ఉందో ఆయనకే తెలుసు. కొత్తగా రాసే కుర్రవాడి సీసపద్యంలో గణం తప్పితే చెప్పేదీ ఆయనే. ఉగాదికి కవి సమ్మేళనం అంటే పిలుపులు, పేర్లు, అధ్యక్షత, చివర మైకువాడి బాకీ, అన్నీ ఆయన నెత్తి మీదే. పుస్తకం సంగతి ఇంకా చిత్రం. అయిదు వందల ప్రతులు వేయించాలి, డబ్బు తనే పెట్టుకోవాలి. నలుగురు దాతలు కలిసొస్తే వాళ్ల ఫొటోలు మొదటి పేజీల్లో, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు అంకితంలో. వెల దగ్గర ‘అమూల్యం’ అని అచ్చవుతుంది, ఎందుకంటే కొనేవాళ్లుండరు. ఆవిష్కరణ నాడు వందమందికి పంచగా మిగిలినవి బీరువా అడుగున చేరతాయి. ఆ బీరువా కూడా ఆయనదే. పంతులుగారు పోయిన నాడు ఆ బీరువాకు పట్టే గతే ఆ ఊరి సాహిత్యానికీ పడుతుంది.

ఒక్క మనిషి ఒక ఊరికి ఏం చేయగలడో చెప్పడానికి ఆలంపురాన్ని మించిన సాక్ష్యం లేదు. గడియారం రామకృష్ణశర్మ 1919లో అనంతపురంలో పుట్టి ఆలంపురంలో స్థిరపడ్డారు. ఇప్పుడది జోగులాంబ గద్వాల జిల్లా. ఆ చిన్న ఊళ్లో 1953 జనవరిలో ఆయన పూనికతో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే, హైదరాబాద్‌లో కాదు, విజయవాడలో కాదు, తుంగభద్ర ఒడ్డున. ఈ సంగతి తెలుగు సాహిత్య విద్యార్థుల్లో చాలామందికి తెలుసు. దీని వెనుక ఉన్న చాకిరీని తలచుకునేవాళ్లు తక్కువ. కవులకు బస ఎక్కడ, వంట ఎవరిది, చందాలెవరిస్తారు, పందిరికి తాటాకు ఎక్కడి నుంచి, అన్నీ ఎవరో ఒకరు చూసుకుంటేనే కదా సభ అయ్యేది. శర్మగారు ‘సుజాత’ పత్రికకు సంపాదకత్వం వహించారు, తెలంగాణ శాసనాల రెండో సంపుటాన్ని పరిష్కరించారు. శ్రీశైలం జలాశయం నీళ్లు నవబ్రహ్మ ఆలయాల మీదికి వచ్చే ముప్పు ఏర్పడినప్పుడు ఆ గుళ్ల కోసం పోరాడారు. బాదామి చాళుక్యుల కాలపు ఆ శిల్పాలు ఇవాళ గోడకు ఇవతల పొడిగా నిలబడి ఉన్నాయంటే అందులో ఆయన పాలు ఉంది. 2006లో ఆయన చనిపోయారు. ఆత్మకథ ‘శతపత్రము’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 2007లో వచ్చింది. అంటే, మనిషి పోయాక వచ్చింది.

ఇవి వ్యక్తుల గొప్పలు కదా, వీటి మీద ఒక సూత్రం ఎలా కడతారని అడగవచ్చు. సురవరం ప్రతాపరెడ్డిని చూస్తే ఆ అనుమానం కొంత తీరుతుంది. ఆయనదీ గద్వాల ప్రాంతమే. 1896లో బోరవెల్లిలో పుట్టి, 1926లో హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకాయన తేలిగ్గా తీసిపారేస్తే, మాటకు మాట అనడంతో ఆగలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 354 మందితో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చు వేశారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను ఆశ్రయించిన కవులూ అందులో ఉన్నారు. ఆ సంచికకు ప్రాణం పోసింది ప్రతాపరెడ్డి పట్టుదలే, సందేహం లేదు. అయితే ఉత్తరం వేస్తే జవాబు రాయగల వందల మంది అప్పటికే ఊళ్లలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి సంస్థానమో, పాఠశాలో, గ్రంథాలయమో ఏదో ఒక దన్ను ఉంది. దన్ను ఉన్న చోట కవులు కనబడ్డారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన ఆయన మరుసటి ఏడే కన్నుమూశారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది, అదీ మరణానంతరమే. ఇప్పుడు హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకున్నాం. మంచిదే. పేరు మాత్రం రాజధానిలో నిలిచింది. ఆయన 354 మందిని వెతికిన పని అదే పాలమూరులో ఇప్పుడు ఎవరి ఉద్యోగమూ కాదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. సంస్థానాల సాహిత్య పోషణ అంటే మురిసిపోతున్నారు, ఆ సంభావనలు ఎవరి చెమట నుంచి వచ్చాయో మరిచారా, అని. మరవలేం. రైతు కట్టిన శిస్తులోంచి, వెట్టి చేసినవాడి ఒంట్లోంచి వచ్చిన డబ్బు అది. సభలో కూర్చున్నవాళ్లూ ఒకటి రెండు కులాలవాళ్లే. కిన్నెర మీటుతూ పండుగ సాయన్న కథ పాడేవాడికి ఆ కోట తలుపు తెరుచుకోలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలానికి చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు పద్మశ్రీ వచ్చింది 2022లో. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు ‘వల్లంకి తాళం’ మీద సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది 2021లో. పద్యం సంస్థానంలో కొలువు చేస్తున్న రోజుల్లోనే పాట, తత్వం, యక్షగానం ఊరి బయట తమ బతుకు తాము బతికాయి. అందుకే నేను పాత కొలువును తిరిగి పెట్టమనడం లేదు. అయితే ఈ అభ్యంతరం నా వాదనను కొట్టేయదు, దానికి బలమే ఇస్తుంది. రాజుగారి దయ మీద నడిచే సాహిత్యంలో కొందరికే చోటు దొరుకుతుంది. ఒక్క పంతులుగారి ఓపిక మీద నడిచేదానిలోనూ ఆయన అభిరుచికి అందినవాళ్లకే చోటు. ఆయన పద్యప్రియుడైతే వచన కవి గుమ్మం బయట నిలబడాలి. అందరి డబ్బుతో, అందరి హక్కుగా నడిచే చోట మాత్రమే కిన్నెర, కందపద్యం ఒకే చాప మీద కూర్చోగలవు.

రెండో అభ్యంతరం పెద్దమనుషులు పైకి అనరు, మనసులో అనుకుంటారు: స్థలపురాణాలు, క్షేత్ర శతకాలు, ఊరి చరిత్రలు అసలు సాహిత్యమేనా, వీటికింత హంగామా అవసరమా? వీటన్నిటిలో గొప్ప కవిత్వం ఉందని బుకాయించను. స్థలపురాణంలో చెప్పిన తేదీని శాసనంతో సరిచూడకుండా నమ్మితే చరిత్రకారుడు నవ్వులపాలవుతాడు. కానీ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ దేనితో కట్టారో గుర్తుచేసుకోండి. కావ్యాల్లో, శతకాల్లో, సామెతల్లో దొరికిన తిండి, బట్ట, ఆట, నమ్మకం ఏరుకొచ్చి ప్రతాపరెడ్డి ఆ చరిత్ర కట్టారు. పెద్ద పండితులు పక్కన పెట్టిన చాటువులూ ఆయనకు సాక్ష్యాలయ్యాయి. రేపు పాలమూరు సాంఘిక చరిత్ర రాయబోయేవాడికి మాంగళ్య శాస్త్రం, దేవాలయాల జాబితా, పామరుల మాట మీద రాసిన పుస్తకం అలాంటి సరుకే. అందులో తాలు ఎంత, గింజ ఎంత అన్నది తర్వాత తేల్చవచ్చు. చెరిగి చూడడానికి ధాన్యం ఉండాలిగా ముందు.

ఫోన్ ఉండగా ఊరి సభ ఎందుకన్నది మూడోది, ఇప్పటి మాట. నిజమే, గద్వాలలో పాడిన పాట గంటలో డల్లాస్ చేరుతుంది. ఫేస్‌బుక్‌లో కవిత పెడితే వందమంది వాహ్వా అంటారు. ఆ వందమందిలో ‘ఈ పాదం కుంటుతోంది, మళ్లీ చూడు’ అనేవాడు ఒక్కడూ ఉండడు. ఉన్నా అందరిముందు అంటే చెడిపోతాం. సాహిత్యానికి వినేవాళ్లు ఎంత అవసరమో, దిద్దేవాళ్లు, తగువాడేవాళ్లు, పుస్తకం అరువిచ్చి మళ్లీ అడిగేవాళ్లు అంతే అవసరం. అది ఎదురుగా కూర్చుంటేనే కుదిరే పని. పైగా పాటకు ఫోన్ పనికొచ్చినంతగా పాత పుస్తకానికి పనికిరావడం లేదు. అయిదు వందల ప్రతులు వేసిన 1960ల నాటి శతకాన్ని ఎవరో ఒకరు దొరకబుచ్చుకుని, దుమ్ము దులిపి, స్కాన్ చేసి, పేరుపెట్టి ఎక్కించాలి. ఆ ఎవరో ఒకరు మళ్లీ ఆ ఊరి పంతులుగారే అవుతున్నారు. సాంకేతికత వచ్చినా చాకిరీ చేతులు మారలేదు.

అయితే అందరిదైన అలాంటి చోటుకు డబ్బెక్కడిదంటారా? ఈ ఒక్కదానికీ జవాబు చట్టంలోనే ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. గద్వాలలో రేకుల ఇల్లున్నవాడూ, వనపర్తిలో మూడంతస్తుల మేడ ఉన్నవాడూ దాన్ని కడుతున్నారు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లాలయ్యాక మూడింటికీ గ్రంథాలయ సంస్థలు వచ్చాయి. వసూలైన సెస్సు సకాలంలో సంస్థకు చేరదన్న మొర పాతదే. అది సరిచేయాల్సిందే. ఇప్పుడు మన పట్టణ గ్రంథాలయంలో అడుగుపెడితే కనబడేది గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్న పిల్లలు. వాళ్లను లేపమనే పాపం నేను మూటగట్టుకోను, ఆ బల్లలు వాళ్లకు కావాలి. అదే కప్పు కింద మూడు ఏర్పాట్లు అడుగుతున్నాను. జిల్లాలో పుట్టిన ప్రతి పుస్తకానికీ, శతకానికీ, పాటల కరపత్రానికీ ఒక విడి బీరువా, దానికొక జాబితా. సాయంత్రం పూట వారానికి ఒకసారైనా ఏ సంఘమైనా అద్దె లేకుండా వాడుకోగల ఒక గది. ఈ రెంటికీ బాధ్యుడుగా జీతం తీసుకునే ఒక మనిషి, తెలుగూ ఉర్దూ చదవగలిగినవాడైతే మరీ మేలు. సంస్థానంతో పోలిస్తే ఇదెంత ఖర్చు!

దీనికీ ఒక పెదవి విరుపు ఉంది. గ్రంథాలయ సంస్థ అధ్యక్ష పదవి అధికార పార్టీవాళ్లకు ఇచ్చే పంపకాల్లో ఒకటి, అక్కడ కవిత్వం పెడితే కవులూ పార్టీలుగా చీలతారు, పంతులుగారి వరండాయే నయం, అంటారు. ఈ భయంలో నిజం ఉంది. అందుకే కవి సమ్మేళనాలు జరిపే పని, బిరుదులిచ్చే పని, ఎవరు కవి ఎవరు కాదని తేల్చే పని ప్రభుత్వ సంస్థకు అప్పగించకూడదు. అవి ఊరి సంఘాలే చూసుకోవాలి, వాళ్ల తగాదాలు వాళ్లు పడాలి. బీరువాకు, గదికి, జాబితాకు పార్టీ ఉండదు. రేపొచ్చే అధ్యక్షుడికి కవిత్వమంటే పడకపోయినా జాబితాలో ఎక్కిన పుస్తకం మాయం కావాలంటే కొంచెం కష్టపడాలి. పంతులుగారి బీరువా ఖాళీ అవడానికి ఆ మాత్రం కష్టం కూడా అక్కర్లేదు. ఇల్లు కట్టేటప్పుడో, పిల్లలు హైదరాబాద్‌కు సామాను మార్చేటప్పుడో కాగితాలు కిలోల లెక్కన వెళ్లిపోతాయి. పిల్లల్ని తప్పుపట్టలేం, రెండు గదుల ఫ్లాట్‌లో తాళపత్రాలకు చోటెక్కడుంటుంది?

2028 మార్చి 31కి కపిలవాయి లింగమూర్తి పుట్టి నూరేళ్లవుతుంది. శతజయంతి అంటే మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది: విగ్రహం, దండ, ఇద్దరు మంత్రులు, ప్రత్యేక సంచిక. విగ్రహం పెట్టినా పెట్టకపోయినా, ఆ లోపు చేయగల పని ఇంకొకటుంది. మూడు జిల్లాల్లో అరవై దాటిన తెలుగు పండితులు, భాగవతం ఆడించే గురువులు, భజన బృందాల పెద్దలు ఎవరెవరు ఏ ఊళ్లో ఉన్నారో ముందు ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. డిగ్రీ కాలేజీ తెలుగు శాఖ పిల్లలు ఇద్దరిద్దరుగా వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఇంటివాళ్ల అనుమతితో ఏ బీరువాలో ఏముందో జాబితా రాసుకురావచ్చు. గద్వాలలో ఆ పిల్లలు బయల్దేరేది ఎలాగూ కోటలోంచే.